వినికిడి యంత్రాలతో మొబైల్ ఫోను వినియోగం

వినికిడి లోపం ఉన్నవారు చెవికి పెట్టుకున్న యంత్రాన్ని తీయకుండానే మొబైల్ ఫోనులో అవతలివారి మాటను స్పష్టంగా వినగలగడాన్ని వినికిడి యంత్ర అనుకూలత అంటారు. ఈ అనుకూలత ఫోనుకు మాత్రమే గానీ, యంత్రానికి మాత్రమే గానీ చెందిన గుణం కాదు. ఎంత మంచి ఫోనైనా ఒక యంత్రంతో రొద చేయవచ్చు, ఎంత ఖరీదైన యంత్రమైనా ఒక ఫోనుతో కలవకపోవచ్చు. కాబట్టి రెండింటినీ జతగా చూసి, జతగా పరీక్షించి ఎంచుకోవాలన్నది ఈ రంగంలోని మౌలిక సూత్రం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన వినికిడి నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 150 కోట్ల మందికి ఏదో ఒక స్థాయిలో వినికిడి లోపం ఉంది; వారిలో 43 కోట్ల మందికి చికిత్స, యంత్రం, శిక్షణ వంటి పునరావాస సేవలు అవసరం. భారతదేశంలో 2011 జనాభా లెక్కలు 50 లక్షలకు పైగా ప్రజలను వినికిడి వైకల్యం గలవారుగా నమోదు చేశాయి. వైకల్యంగా నమోదు కాని స్థాయిలో, ముఖ్యంగా వయసు మీద పడడంతో వినికిడి తగ్గినవారు ఈ లెక్కలో చేరరు. బ్యాంకు లావాదేవీ మొదలుకొని ఆసుపత్రి పిలుపు దాకా ఎన్నో పనులు ఫోనుతో ముడిపడిన కాలంలో, ఫోనులో మాట వినపడకపోవడం మనిషిని ఇంట్లోనే ఒంటరిని చేస్తుంది.

చరిత్ర

టెలిఫోను, విద్యుత్ వినికిడి యంత్రం ఒకే ఇంట పుట్టినవని చెప్పవచ్చు. 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ బధిరులకు బోధించిన ఉపాధ్యాయుడు. ఆయన తల్లికీ భార్యకూ వినికిడి లోపం ఉండేది. ధ్వనిని విద్యుత్ ప్రవాహంగా మార్చడానికి టెలిఫోనులో వాడిన కార్బన్ మైక్రోఫోను సూత్రం మీదే 19వ శతాబ్దం చివర అమెరికాకు చెందిన మిల్లర్ రీస్ హచిసన్ తొలితరం విద్యుత్ వినికిడి యంత్రాన్ని రూపొందించాడు. 1947లో బెల్ ప్రయోగశాలల్లో పుట్టిన ట్రాన్సిస్టరును సామాన్య వినియోగదారుల చేతికి తెచ్చిన తొలి వస్తువులలో 1952 చివర అమ్మకానికి వచ్చిన వినికిడి యంత్రం ఒకటి. 1990ల మధ్యలో పూర్తి డిజిటల్ యంత్రాలు వచ్చాక, ఒక్కొక్కరి చెవికి ఏ స్థాయి ధ్వని ఎంత పెంచాలో కంప్యూటరుతో అమర్చడం సాధ్యమైంది.

ఇలా తోబుట్టువుల వలె పెరిగిన ఈ రెండు పరికరాల మధ్య 1990లలో డిజిటల్ మొబైల్ ఫోను రాకతో పొత్తు చెడింది. ఫోను వెలువరించే రేడియో తరంగాలు చెవిలోని యంత్రంలో రొదగా మారడంతో, యంత్రం పెట్టుకున్నవారు కొత్త ఫోనును చెవి దగ్గరకు తీసుకోలేకపోయారు. తర్వాతి మూడు దశాబ్దాల ఇంజినీరింగు కృషి, చట్టాలు, ప్రమాణాలు చాలావరకు చెడిన ఆ పొత్తును తిరిగి కలపడానికి జరిగిన ప్రయత్నాలే.

శబ్ద మార్గం

ఫోను మాట యంత్రానికి చేరే మార్గాలు ప్రధానంగా మూడు: శబ్దం, అయస్కాంత క్షేత్రం, రేడియో. వీటిలో శబ్ద మార్గం అన్నిటికంటే సులువైనది. ఫోను స్పీకరు నుంచి వచ్చిన ధ్వనిని యంత్రంలోని మైక్రోఫోను గ్రహించి, పెంచి చెవిలోకి పంపుతుంది. దీనికి ఏ అదనపు పరికరమూ అక్కరలేదు. అయితే ఫోనును పట్టుకునే తీరు మారాలి. చెవి వెనుక పెట్టుకునే యంత్రానికి మైక్రోఫోను చెవి పైభాగాన ఉంటుంది కాబట్టి, అలవాటు చొప్పున ఫోనును చెవి రంధ్రానికి ఆనిస్తే మాట మైక్రోఫోనుకు చేరదు. ఫోను పై అంచును కాస్త పైకీ వెనక్కీ జరిపి, యంత్రానికి కొద్ది ఎడంగా ఉంచి, మాట తేటగా వినిపించే చోటును వెతికి పట్టుకోవాలి. చెవి రంధ్రంలో ఇమిడిపోయే చిన్న యంత్రాలకు మైక్రోఫోను రంధ్రం వద్దే ఉండడం వల్ల వాటిని ధరించినవారు ఫోనును మామూలుగానే పట్టుకోవచ్చు. ఛాతీ మీద జేబులో పెట్టుకునే పాత రకం యంత్రంలో మైక్రోఫోను జేబు వద్ద ఉంటుంది. ఫోను స్పీకరును అక్కడికి తెస్తే మాట్లాడే నోటికి ఫోను దూరమవుతుంది. అందుకే జేబు యంత్రం వాడేవారికి స్పీకరు ఆన్ చేసి మాట్లాడడమే ఆచరణలో కుదిరే పద్ధతి.

ఈ మార్గానికి రెండు ఇబ్బందులు ఉన్నాయి. చెవిలోకి వెళ్లిన ధ్వనిలో కొంత బయటికి లీకై, ఫోను ఉపరితలానికి తగిలి, తిరిగి మైక్రోఫోనులోకి చేరితే యంత్రం ఈల వేస్తుంది. దీన్ని ధ్వని పునఃప్రవేశం అంటారు. చెవి రంధ్రంలో అమరే అచ్చు వదులైతే ఈల ఎక్కువవుతుంది. రెండవది, మైక్రోఫోను తెరిచే ఉంటుంది గనుక వీధి రద్దీ, మిక్సీ చప్పుడు, టీవీ మాటలు అన్నీ ఫోను మాటతో పాటే పెరుగుతాయి.

అయస్కాంత మార్గం: టెలికాయిల్

టెలికాయిల్ అంటే లోహపు కడ్డీ చుట్టూ సన్నని రాగి తీగను చుట్టి వినికిడి యంత్రంలో అమర్చిన చిన్న చుట్ట. ఫోను స్పీకరులోని తీగ చుట్ట ధ్వనికి అనుగుణంగా మారే అయస్కాంత క్షేత్రాన్ని కూడా వెలువరిస్తుంది. ఆ క్షేత్రం టెలికాయిల్‌లో విద్యుత్ సంకేతాన్ని పుట్టిస్తుంది, యంత్రం దాన్ని పెంచి ధ్వనిగా మారుస్తుంది. యంత్రం మీద ‘టీ’ అనే గుర్తు దీనిదే. ‘ఎం’ మైక్రోఫోనుకు, ‘ఎంటీ’ రెండూ కలిపి వాడడానికి గుర్తులు. ‘టీ’ స్థానంలో మైక్రోఫోను మూసుకుంటుంది కాబట్టి ఈలా ఉండదు, పరిసరాల చప్పుడూ వినిపించదు. తీవ్ర లోపం ఉన్నవారికి, అంటే ధ్వనిని బాగా పెంచవలసినవారికి, ఇది పెద్ద మేలు.

నిజానికి పాత ల్యాండ్‌లైను ఫోన్ల నుంచి అయస్కాంత క్షేత్రం వెలువడడం యాదృచ్ఛికం. స్పీకర్లు మెరుగయ్యే కొద్దీ ఆ లీకు తగ్గి, కొత్త ఫోన్లలో టెలికాయిల్ పనిచేయకుండా పోయింది. బధిరుల సంఘాలు దీన్ని ఎత్తిచూపడంతో, తగినంత క్షేత్రాన్ని ఫోను ఉద్దేశపూర్వకంగానే వెలువరించాలన్న నియమం అమెరికాలో వచ్చింది. సభామందిరాల్లో, ప్రార్థనా స్థలాల్లో, టికెట్ కౌంటర్ల వద్ద ధ్వనిని అయస్కాంత క్షేత్రంగా వెలువరించేలా అమర్చే తీగ వలయాలకూ, అంటే ఇండక్షన్ లూపులకూ, ఇదే టెలికాయిల్ పనికివస్తుంది. అయితే విద్యుత్ తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, పాత ట్యూబ్‌లైటు చోకులు వెలువరించే క్షేత్రాన్ని సైతం టెలికాయిల్ గ్రహిస్తుంది. భారతదేశంలో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ కనుక దాని ప్రభావం బొంగురు గుయ్‌మనే శబ్దంగా చెవిన పడుతుంది. అతి చిన్న యంత్రాల్లో టెలికాయిల్‌కు చోటుండదు. యంత్రంలో టెలికాయిల్ ఉన్నప్పటికీ దాని ప్రోగ్రామును అమర్చి ఇవ్వకపోతే ఆ సౌకర్యం ఉన్నట్టు ధరించినవారికి తెలియదు.

రేడియో రొద

డిజిటల్ ఫోను వల్ల యంత్రంలో రొద ఎందుకు పుట్టిందో తెలియాలంటే రెండో తరం మొబైల్ వ్యవస్థ అయిన జీఎస్ఎం పనితీరు తెలియాలి. ఈ పద్ధతిలో ఒకే తరంగాన్ని ఎనిమిది మంది కాలవ్యవధులుగా పంచుకుంటారు. ఒక్కో ఫోను దాదాపు 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి, తన వంతు వచ్చిన 0.58 మిల్లీసెకన్లలో మాత్రమే, తటాలున సంకేతం పంపి ఆగిపోతుంది. అంటే ఫోను సెకనుకు 217 సార్లు వెలిగి ఆరుతున్నట్టు లెక్క. యంత్రంలోని సన్నని తీగలు యాంటెన్నా వలె ఈ తరంగాన్ని పట్టుకుంటాయి, యాంప్లిఫయరులోని అర్ధవాహకాలు ఆ ఎత్తుపల్లాలను ధ్వని సంకేతంగా పొరబడతాయి. ఫోను పంపే 900 మెగాహెర్ట్జ్ తరంగం చెవికి వినపడేది కాదు. కానీ 217 హెర్ట్జ్ మనిషి కంఠస్వరం పలికే స్థాయిలోనే ఉంటుంది. కాబట్టి తుమ్మెద ఝుంకారం వంటి రొద నేరుగా మాట మీదే పరచుకుంటుంది. టవరు దూరమై సిగ్నలు తగ్గినప్పుడు ఫోను తన శక్తిని పెంచుకుంటుంది గనుక రొద కూడా హెచ్చుతుంది.

సంకేతాన్ని ఆపి ఆపి కాక నిరంతరంగా పంపే సీడీఎంఏ, మూడో తరం వ్యవస్థలలో ఈ ఇబ్బంది చాలా తక్కువ. నాలుగు, ఐదు తరాల్లో పంపడం, అందుకోవడం ఒకే తరంగం మీద వంతులవారీగా జరిపే పద్ధతి ఉన్నచోట రొదకు మళ్లీ అవకాశం ఉంది. అయితే ఈలోగా యంత్రాల తయారీదారులు లోపలి తీగలను కుదించి, వడపోత భాగాలను, లోహపు కవచాన్ని చేర్చి రొదను తట్టుకునే శక్తిని బాగా పెంచారు.

రేడియో మార్గం: బ్లూటూత్

ఒకప్పుడు శత్రువుగా కనిపించిన రేడియో తరంగమే ఇప్పుడు అన్నిటికంటే తేటైన మార్గమైంది. ఫోనులోని మాట 2.4 గిగాహెర్ట్జ్ బ్లూటూత్ తరంగం మీద నేరుగా యంత్రాలకు చేరుతుంది. మధ్యలో స్పీకరు, మైక్రోఫోను, గది చప్పుడు ఏవీ ఉండవు. యంత్రం ఆ మాటను ఆ వ్యక్తి ఆడియోగ్రాముకు, అంటే ఏ స్థాయి ధ్వని ఎంత వినపడుతుందో చూపే పటానికి, తగినట్టు పెంచి రెండు చెవులకూ ఒకేసారి వినిపిస్తుంది. ఒక చెవితో సగం మాటే అందుకునేవారు రెండు చెవులతో మొత్తం మాటను అల్లుకోగలగడం ఈ మార్గం ఇచ్చే గొప్ప ప్రయోజనం.

తొలినాళ్లలో బ్లూటూత్‌కు కావలసిన విద్యుత్తు వినికిడి యంత్రపు చిన్న బ్యాటరీకి మించిన భారం కావడంతో, మెడలో వేసుకునే స్ట్రీమర్ అనే మధ్యవర్తి పరికరం ఫోను మాటను అందుకొని యంత్రాలకు పంపేది. తక్కువ విద్యుత్తుతో పనిచేసే బ్లూటూత్ వచ్చాక ఆపిల్ సంస్థ తన ఐఫోన్లకు సొంత పద్ధతిని రూపొందించగా, ఐఫోనుతో నేరుగా కలిసే యంత్రాలు 2014లో వచ్చాయి. గూగుల్ 2018లో ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం ఆశా అనే పద్ధతిని ప్రకటించి, ఆండ్రాయిడ్ 10 నుంచి అందుబాటులోకి తెచ్చింది. మామూలు బ్లూటూత్‌తోనే ఏ ఫోనుకైనా కలిసే యంత్రాలను ఫోనాక్ వంటి సంస్థలు తయారు చేశాయి. ఇలా ఎవరి పద్ధతి వారిది కావడంతో, ఫోను మారిస్తే యంత్రం కలవని పరిస్థితి ఏర్పడింది.

దీనికి పరిష్కారంగా 2020 జనవరిలో ప్రకటించిన బ్లూటూత్ ఎల్ఈ ఆడియో అన్ని కంపెనీలకూ ఉమ్మడి ప్రమాణం. ఎల్‌సీ3 అనే ధ్వని సంకోచన విధానం దీని ఆయువుపట్టు. తక్కువ విద్యుత్తుతో మెరుగైన ధ్వనిని అందించడం దాని ప్రత్యేకత. ఇందులో భాగమైన ఆరాకాస్ట్ ద్వారా ఒకే ప్రసారాన్ని లెక్కకు మించిన యంత్రాలు ఏకకాలంలో అందుకోగలవు. రైల్వే స్టేషన్లలో, విమానాశ్రయాల్లో చేసే ప్రకటనలు నేరుగా యంత్రంలోనే వినపడే రోజుకు ఇది దారి వేస్తోంది.

ప్రమాణాలు, చట్టాలు

అమెరికాలో 1988 నాటి వినికిడి యంత్ర అనుకూలత చట్టం ల్యాండ్‌లైను ఫోన్లకు టెలికాయిల్ అనుకూలతను తప్పనిసరి చేసింది గానీ మొబైల్ ఫోన్లను మినహాయించింది. ఆ దేశపు సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2003లో ఈ మినహాయింపును సవరించి, 2005 నుంచి శబ్ద మార్గానికీ, 2006 నుంచి అయస్కాంత మార్గానికీ అనుకూలమైన మోడళ్లను దశలవారీగా తేవాలని ఆదేశించింది. 2024లో అన్ని మోడళ్లూ అనుకూలంగా ఉండాలన్న నిర్ణయాన్ని ప్రకటించింది.

అనుకూలతను కొలిచే అమెరికా ప్రమాణం పేరు ఆన్సీ సీ63.19. శబ్ద మార్గానికి ఎం1 నుంచి ఎం4 వరకు, టెలికాయిల్‌కు టీ1 నుంచి టీ4 వరకు ఫోన్లకు అంకెలిచ్చే పద్ధతి దీని ద్వారానే ప్రాచుర్యం పొందింది. ఎం3, టీ3, అంతకు పై స్థాయి ఫోన్లను అనుకూలమైనవిగా పరిగణించేవారు. రొదను తట్టుకునే శక్తిని బట్టి వినికిడి యంత్రాలకూ ఇటువంటి అంకెలే ఉండేవి. ఫోను అంకెను యంత్రపు అంకెతో కూడితే 4 వచ్చినప్పుడు వాడదగినదిగా, 5 వచ్చినప్పుడు సాధారణ వాడుకకు చాలినదిగా, 6 వచ్చినప్పుడు శ్రేష్ఠమైనదిగా భావించేవారు. అనుకూలత జతకు చెందిన గుణమన్న సూత్రాన్ని ఈ చిన్న కూడిక ఎంతో స్పష్టంగా చూపుతుంది. 2019లో సవరించిన ప్రమాణం అంకెలను తొలగించి, అనుకూలం లేదా కాదు అనే ఒకే తీర్పును ప్రవేశపెట్టింది.

ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 28 నుంచి అమలైన సౌలభ్య చట్టం ఫోన్లను వినికిడి పరికరాలతో కలపగలగడాన్ని నియమాల్లో చేర్చింది. భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచార సాధనాలు అందరికీ అందుబాటులో ఉండాలని నిర్దేశిస్తుంది. సమాచార సాంకేతిక పరికరాల, సేవల సౌలభ్యానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17802 అనే ప్రమాణాన్ని రూపొందించింది. ఆ ప్రమాణం దుకాణంలో ఫోను పెట్టె మీద కొనుగోలుదారు చదువుకోగలిగే గుర్తుగా మారినప్పుడే దాని ఫలం సామాన్యుడికి దక్కుతుంది.

ఫోనులో తెలుగు మాట

సాధారణ ఫోను కాల్ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనిని మాత్రమే మోస్తుంది. తెలుగులో అచ్చుల బలం ఎక్కువగా ఈ పరిధిలోనే ఉంటుంది. కానీ ‘స’కారపు బుస చాలావరకు 4000 హెర్ట్జ్‌కు పైన ఉండి ఫోనులో తెగిపోతుంది. వయసుతో వచ్చే వినికిడి లోపం కూడా మొదట ఎగువ స్థాయి ధ్వనులనే హరిస్తుంది కనుక, నష్టం మీద నష్టం చేరుతుంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. దాంతో మాట ఉందని తెలుస్తుంది, అదేమిటో మాత్రం తెలియదు. ‘వినపడుతోంది గానీ అర్థం కావడం లేదు’ అని పెద్దలు చెప్పే ఫిర్యాదుకు మూలం ఇదే.

అంకెల విషయంలో ఇది బాగా బయటపడుతుంది. ‘పదిహేను’, ‘పదిహేడు’ అన్న మాటల్లో అచ్చులన్నీ ఒకటే. తేడా అంతా ‘న’, ‘డ’ అనే హల్లులదే. ‘ఎనిమిది’, ‘తొమ్మిది’ ఒకే తోకతో ముగుస్తాయి. ‘ఇరవై’, ‘అరవై’ మొదటి అచ్చుతోనే వేరవుతాయి. మందు మోతాదు గానీ, బస్సు వేళ గానీ, డబ్బు లెక్క గానీ చెప్పేవారు ‘పదిహేడు’ అన్న వెంటనే ‘ఒకటి, ఏడు’ అని విడదీసి చెబితే పొరపాటుకు తావుండదు.

వోల్టీ అని పిలిచే నాలుగో తరం కాల్స్‌లో ధ్వని పరిధి దాదాపు 7000 హెర్ట్జ్ వరకు విస్తరించడంతో హల్లులు మునుపటికంటే తేటగా వినపడతాయి. అయితే ఇరువైపులా ఆ సౌకర్యం ఉండాలి. ఇంటర్నెట్ ద్వారా చేసే కాల్స్‌లోనూ, డేటా వేగం బాగున్నప్పుడు, ఇదే మేలు కనిపిస్తుంది. విదేశాల్లోని పిల్లలతో వీడియో కాల్‌లో మాట్లాడే తల్లిదండ్రులకు పెదవుల కదలిక, ముఖకవళికలు తోడవుతాయి. వినలేకపోయిన అక్షరాన్ని చూపు పూరిస్తుంది.

భారతదేశంలో సేవలు

వినికిడి రంగంలో బోధన, పరిశోధన, చికిత్సలకు మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ప్రసిద్ధం. ముంబైలోని ఇదే రంగపు జాతీయ సంస్థ, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన హైదరాబాదీ అలీ యావర్ జంగ్ పేరు మీద నడుస్తోంది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఉంది. 1981లో మొదలైన కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద అర్హులకు వినికిడి యంత్రాలు ఉచితంగా లేదా రాయితీపై అందుతాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పుట్టుకతో వినపడని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సను చేర్చి, ఖరీదైన ఆ సాధనాన్ని పేద కుటుంబాల దరికి తెచ్చింది. కాక్లియర్ ఇంప్లాంట్ అంటే లోపలి చెవిలోని నాడిని విద్యుత్ సంకేతాలతో ప్రేరేపించే అమరిక. దాని బయటి ప్రాసెసరుకు సైతం ఫోనుతో కలిసే మార్గాలు పైన చెప్పినవే.

యంత్రం పంపిణీ అయినంతనే బాధ్యత తీరదు. బ్లూటూత్ యంత్రాలు, కొత్త ఫోన్లు కొనగలవారికి ఫోను మాట తేటపడుతున్న వేళ, మామూలు బటన్ ఫోను, చవక యంత్రం ఉన్నవారు పాత రొద, ఈలల మధ్యే మిగిలిపోతున్నారు. యంత్రం ఇచ్చే శిబిరంలోనే లబ్ధిదారు సొంత ఫోనుతో ఒక్క కాల్ చేయించి, టెలికాయిల్ ఉంటే దాన్ని అమర్చి, ఫోనును ఎక్కడ పట్టుకోవాలో చేతితో చూపించడానికి ఖర్చేమీ కాదు.

ఎంపిక, వాడుక

యంత్రం కొనేవారు వినికిడి నిపుణుడైన ఆడియాలజిస్టు వద్దకు తమ ఫోనును వెంట తీసుకువెళ్లాలి. ఫోను మార్చేవారు దుకాణానికి యంత్రం పెట్టుకొని వెళ్లాలి. సిమ్ వేసి, ఇంటికి ఫోను చేసి, కనీసం రెండు మూడు నిమిషాలు మాట్లాడి చూడడానికి మించిన పరీక్ష లేదు. సిగ్నలు బలహీనంగా ఉన్న చోట కూడా వినడం మంచిది, రొద అక్కడే బయటపడుతుంది. చాలా ఫోన్ల సెట్టింగుల్లో వినికిడి పరికర అనుకూలత అనే మీట ఉంటుంది. టెలికాయిల్ వాడేవారు దాన్ని ఆన్ చేసుకోవాలి. ఒక చెవితోనే వినేవారు మోనో ఆడియోను ఎంచుకుంటే రెండు వైపుల ధ్వనీ ఆ చెవికే అందుతుంది. బ్లూటూత్ ద్వారా వినడం వల్ల బ్యాటరీ త్వరగా ఖర్చవుతుంది కాబట్టి ఎక్కువసేపు మాట్లాడేవారు విడి బ్యాటరీలను దగ్గర ఉంచుకోవాలి. కొన్ని యంత్రాలు ధరించినవారి గొంతును కూడా ఫోనుకు చేరుస్తాయి. ఆ సౌకర్యం లేనివాటితో మాట్లాడేటప్పుడు ఫోనును నోటికి దగ్గరగా ఉంచాలి.

మాటను అప్పటికప్పుడు అక్షరాలుగా తెర మీద చూపే సదుపాయాలు ధ్వని చాలని చోట ఆసరా అవుతున్నాయి. సంజ్ఞా భాష మాట్లాడేవారికి వీడియో కాల్ ప్రత్యక్ష సంభాషణకు దీటైన మార్గమైంది.

అవతలివారి బాధ్యతా తక్కువది కాదు. అరవడం వల్ల మాట స్పష్టం కాదు, వికృతమవుతుంది. నిదానంగా, చిన్న వాక్యాల్లో, విషయమేమిటో ముందే చెప్పి మాట్లాడడం, ఒకే మాటను పదేపదే అనకుండా వేరే మాటలో చెప్పడం మేలు. ఫోను, యంత్రం కుదిరిన తర్వాత ఆ జతను నిలబెట్టేది అవతలివారి ఓర్పే.